చుక్కల్లేని పాదం

సెప్టెంబరు 1, సోమవారం

ఈ బూట్లు నామీద పగబట్టాయి. మరో మాట లేదు.

ఇవాళ మంచు రింకులో ప్రాక్టీసు కాగానే వీటిని పక్కనున్న కొట్టుకు తీసుకెళ్లాను. కొట్టువాడు నా స్కేటింగ్ బూట్లను అటూ ఇటూ తిప్పి చూసి, బిస్కెట్లు కాల్చే పొయ్యిలాంటి దాంట్లో పెట్టాడు. వేడికి తోలు మెత్తబడుతుందట. అప్పుడు కాళ్లు దూర్చి లేసులు బిగించి కదలకుండా కూర్చుంటే బూటే కాలికి తగ్గట్టు సర్దుకుంటుందట. బొమ్మలా కూర్చున్నాను. తమ్ముడు ఎదురుగా స్టూలు మీద చేరి, "ఉడికాయా అక్కా? ఉప్పు సరిపోయిందా అక్కా?" అని ఒకటే గోల. వాడికి మాటకు ముందో వెనకో అక్క ఉండి తీరాలి. పదిహేడేళ్లు వచ్చాయి, తలుపు కన్నా ఎత్తు పెరిగాడు, రింకులో అందరూ స్తంభం అంటారు, ఆ పిలుపు మాత్రం పాలపళ్లప్పటిదే.

నొప్పి ఎడమ పాదం పైన, సరిగ్గా లేసులు మొదలయ్యే చోట. వేలు పెట్టి చూపించగలను. లేసుల వల్లే అది. లేసుల కింద ఉండే తోలు నాలుక పక్కకు జరిగిపోతోంది, ముడి ఎముకను నొక్కుతోంది. అంతకు మించి ఏమీ లేదు.

సెప్టెంబరు 3, బుధవారం

పొయ్యి వైద్యం పనిచేసింది. నొప్పి లేదు.

సెప్టెంబరు 4, గురువారం

పనిచేయలేదు.

సెప్టెంబరు 5, శుక్రవారం

కొట్టువాడు ఈసారి పెద్ద ఇనప పట్టకారు తీశాడు. దానికి ఒకవైపు గుండు, ఇంకోవైపు కడియం. బూటులో నొక్కుతున్న చోట దాన్ని పెట్టి బిగిస్తే తోలు బయటికి ఉబ్బుతుంది, లోపల చోటు వస్తుంది. వచ్చింది. ఇప్పుడు నా ఎడమ బూటుకు గడ్డ లేచినట్టుంది. మా కోచ్ నోట్లో ఎప్పుడూ ఈల ఉంటుంది కాబట్టి ఆయన్ని మేం ఈల సారు అంటాం. ఆయన ఈల తీసి మరీ నవ్వాడు. "బూటుకు పంటి నొప్పా అమ్మాయ్?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

మా జంట స్కేటింగ్‌లో లిఫ్ట్ చేస్తుంటే తమ్ముడు నన్ను సగంలో దించేశాడు. "ఇవాళ బరువున్నావేంటక్కా?"

నేను ఎడమ కాలితో మంచును గట్టిగా తన్ని లేస్తే ఆ ఊపు అందుకుని వాడు నన్ను తల మీదికి ఎత్తుతాడు. నేను తన్నకపోతే మొత్తం బరువు వాడి చేతుల మీదే. ఇవాళ సరిగా తన్నలేదేమో. కాస్త. ఎవరికీ కనపడనంత.

"నా బరువు నిన్నెంతో ఇవాళా అంతే. నీ చేతుల్లోనే పస తగ్గింది. పొద్దస్తమానం ఫోను పట్టుకుంటే ఇంకేం పట్టుకుంటావు?" అన్నాను.

వెటకారానికే అన్నాను. వాడు మాత్రం చొక్కా చేతులు పైకి మడిచి కండలు చూసుకున్నాడు.

సెప్టెంబరు 8, సోమవారం

అన్నాల దగ్గర నా బూట్ల మీద పంచాయితీ జరిగింది. జట్టు ఎంపిక డిసెంబరులో. ఈ ఏడాది దాటితే జూనియర్ విభాగంలో నాకు వయసు దాటిపోతుంది. నేను లేకపోతే తమ్ముడికి జంట లేదు. వాడి ఎత్తుకూ వాడి పట్టుకూ అలవాటు పడ్డ అమ్మాయి ఈ రింకులో ఇంకెవరూ లేరు. అందుకని కొత్త బూట్లు తప్పవని ఈల సారు నాన్నతో చెప్పాడట. నాన్న ఆ రింకులోనే మంచు చదును చేసే బండి నడుపుతాడు. ఆయన చెవిన పడింది ఇంటికి రాకుండా ఉండదు.

ఉన్న దారులన్నీ తమ్ముడు చదివి పెట్టుకున్నాడు. ఒకటి ఫ్యాక్టరీ బూటే, కాకపోతే మడమ ఇరుకు, ముందు భాగం వెడల్పు, ఏ కాలికి ఆ కొలత ఎంచుకోవచ్చు. ఇంకోటి గాజు పలక మీద నిలబడితే యంత్రం కాలి చుట్టూ తిరిగి బొమ్మ తీస్తుంది, ఆ బొమ్మను చూసి ఎక్కడో కుట్టి పంపిస్తారు. అది మనకు చేరేసరికి పోటీలు అయిపోతాయి. మూడోది మనిషి చేత్తో కొలిచి, కాలికి ప్లాస్టర్ అచ్చు తీసి, ఆ అచ్చు మీద కుట్టే బూటు. రెండు వీధుల అవతల ఒకావిడ కుడుతుంది. రింకులో బాగా ఆడేవాళ్లంతా ఆవిడ బూట్లే వేసుకుంటారు.

"చేత్తో కుట్టిందే మేలు. యంత్రానికి కాలు కనపడుతుంది గానీ కాలు మూలిగేది వినపడుతుందా?" అన్నాడు నాన్న. బండి నడిపేవాడు యంత్రాలను తిడితే వినడానికి బాగుంటుంది.

"ఇద్దరికీ కుట్టిద్దాం. వీడి బూట్లూ పగిలిపోయాయి" అంది అమ్మ. పోటీకి వేసుకునే గౌనుకు పూసలు కుడుతోంది, తల ఎత్తకుండానే అంది.

తమ్ముడు వెంటనే ఆవిడకు ఫోను చేసి అందరికీ వినపడేలా పెట్టాడు. గొంతు కటువుగా ఉంది. "కాళ్లు శుభ్రంగా కడుక్కుని రండి. ఎముక నొప్పులేమైనా ఉంటే ముందు డాక్టరుకు చూపించుకోండి. ఎక్స్‌రే తీసి ఆయన సరేనంటేనే నా దగ్గరికి. అలాంటి కాలికి బూటు కుట్టి తర్వాత తిట్లు తినే ఓపిక నాకు లేదు."

"అలాంటివేం లేవు ఆంటీ. మా అక్కకు పాత బూటు నొక్కుతోంది, అంతే" అన్నాడు వాడు.

ఆ మాట వాడన్నాడు. నేను అనలేదు.

సెప్టెంబరు 11, గురువారం

పొద్దున్నే మాత్ర వేసుకున్నాను. బస్సు ఎక్కేముందు ఇంకోటి. ఊరికే, ముందు జాగ్రత్తకు.

ఆవిడ కొట్టు మేడ మీద. మెట్లు నిటారుగా ఉన్నాయి. సగం ఎక్కాక ఎడమ పాదం పైన ఎవరో మేకు దింపినట్టయింది. కమ్మీ పట్టుకుని ఆగిపోయాను. ముందు నడుస్తున్న తమ్ముడు వెనక్కి తిరిగి, "ఏమైందక్కా?" అన్నాడు. లేసు ఊడిందని చెప్పి వంగాను. వంగాక చూసుకుంటే కాళ్లకు చెప్పులున్నాయి. వాడు అప్పటికే పైకి వెళ్లిపోయాడు. గమనించినట్టు లేదు.

గది నిండా తోలు వాసన, జిగురు వాసన. గోడల వెంట అరల్లో తెల్లటి పాదాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి, ఒక్కొక్క జత కింద ఒక్కొక్క పేరు. బూట్లావిడ లావుపాటి మనిషి, చేతులు మాత్రం చురుకు. కూర్చోమనక ముందే తమ్ముడి కాలు ఒళ్లో పెట్టుకుంది. పలచటి మేజోడు తొడిగి తడి చేసింది. చేతిలో ఊదారంగు పెన్సిలు.

"ఎక్కడెక్కడ నొప్పో చెప్పు బాబూ. సిగ్గుపడకు. నువ్వు చూపించిన చోటల్లా చుక్క పెడతాను. మీద ప్లాస్టర్ చుడితే ఈ చుక్కలు లోపలికి అంటుకుంటాయి. అందులోంచి అచ్చు పోస్తే దానికీ వస్తాయి. చుక్క ఉన్న చోటల్లా తోలు ముక్క అంటించి బూటు కుడతాను, అక్కడ నీకు చోటు మిగులుతుంది. చుక్క లేకపోతే చోటు లేదు. నా బూటు గట్టిది, తర్వాత సాగదు."

మా వాడు అడగడమే తడవు మొదలెట్టాడు. చిటికెన వేలు, మడమ వెనక గడ్డ, చీలమండ లోపలివైపు, చిన్నప్పుడు బ్లేడు గీరుకున్న చోటు. పోనుపోను కాళ్లు పొంగు పోసినట్టయ్యాయి. "ఇంకా ఉన్నాయా, ఇంకో కాలు తెచ్చుకున్నావా?" అందావిడ. అందరం నవ్వాం.

తర్వాత నేను.

ఆవిడ బొటనవేలు మడమ నుంచి మొదలుపెట్టి మెల్లగా ముందుకు వచ్చింది. ఇక్కడ? లేదు. ఇక్కడ? లేదు. పాదం పైకి ఎక్కింది. నాకు తెలుసు, వస్తోందని తెలుసు. నేను అరలో ఉన్న పాదాలను చూస్తూ కూర్చున్నాను. ఆ చోట నొక్కింది. మాత్రలు బాగానే పనిచేశాయి. బాగానే అంటే అరవకుండా ఉండేటంత.

"ఇక్కడ?"

"లేదు."

"నిజంగానా? కాస్త వేడిగా తగులుతోంది."

"మెట్లెక్కి వచ్చాం కదా ఆంటీ."

ఆవిడ నా మొహం చూసింది. చూసి పెన్సిలు చెవి మీద పెట్టుకుంది. "ఇన్నేళ్లలో స్కేటింగ్ చేసే పిల్ల కాలికి ఒక్క చుక్క కూడా పెట్టకపోవడం ఇదే మొదలు. అదృష్టవంతురాలివే" అంది.

"మా అక్క కాళ్లంటే ఏమనుకున్నారు ఆంటీ!" అన్నాడు తమ్ముడు, ఆ కాళ్లు వాడే చేయించి పెట్టినట్టు.

నేను చెప్పింది అబద్ధమేమీ కాదు. ఆ నొప్పి పాత బూట్లది. పాత బూట్ల నొప్పి కొత్త బూట్లకు ఎందుకు చెప్పాలి? చెప్పి ఉంటే ఎక్స్‌రే అనేది, డాక్టరు అనేది, ఆ డాక్టరు విశ్రాంతి అనేవాడు. వాళ్లకు ఇంకో మాట రాదు. డిసెంబరు మనకోసం ఆగుతుందా?

సెప్టెంబరు 12, శుక్రవారం

వాడు చెప్పుల సంగతి గమనించలేదు. గమనిస్తే అడక్కుండా ఉండే రకం కాదు.

సెప్టెంబరు 26, శుక్రవారం

తమ్ముడు కొత్తగా బరువులు ఎత్తడం మొదలెట్టాడు. ప్రాక్టీసు అయ్యాక కూడా రింకు వెనక గదిలో ఒక్కడే ఉండి ఎత్తుతున్నాడట, నాన్న చెప్పాడు. ఇంటికి వచ్చి పళ్లెం పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి.

"ఎందుకురా అంత?" అంది అమ్మ.

"అక్క బరువు పెరగలేదమ్మా, నాకే పస తగ్గింది. ఎంపికకు ముందే సరిచేసుకోవాలి. కదక్కా?"

పెరుగు గిన్నె వాడివైపు జరిపాను.

బలం పెరిగితే వాడికే మంచిది. ఏ కోచ్ అయినా అదే చెబుతాడు.

అక్టోబరు 7, మంగళవారం

ఈల సారు నా నడక చూసి, "ఆ కాలేంటి, బరువు వేయట్లేదు?" అన్నాడు. పాత బూట్లు సార్, కొత్తవి వస్తున్నాయి అన్నాను. "ఒకసారి డాక్టరుకు చూపించకూడదూ?" చూపిస్తాను సార్ అన్నాను. ఎప్పుడో చెప్పమనలేదు ఆయన.

అక్టోబరు 18, శనివారం

మాత్రలు అయిపోయాయి. తెచ్చుకున్నాను.

అక్టోబరు 29, బుధవారం

ఇవాళ లిఫ్ట్ పూర్తిగా లేచింది. నేను తన్నలేదు. అస్సలు తన్నలేదు. కాలు మంచు మీద ఆనించి, తన్నినట్టు మోకాలు వంచానంతే. వాడే ఎత్తాడు, మొత్తం వాడే. వాడి పళ్లు కొరికిన చప్పుడు నాకు పై నుంచి వినిపించింది. దింపాక మొహమంతా వెలుగు. "చూశావా అక్కా, బరువులు ఎత్తినందుకు ఫలితం!"

భుజం తట్టాను. బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను. కాలు నొప్పికే.

నవంబరు 4, మంగళవారం

బూట్లు వచ్చాయి. అబ్బ, ఎంత బాగున్నాయో! తెల్లగా, నున్నగా, కాలు పెడితే ఎవరో రెండు చేతులతో పట్టుకున్నట్టుంది. మడమ ఇంత కూడా కదలదు. ఇన్నేళ్లూ నేను వేసుకున్నవి బూట్లు కావు, డబ్బాలు.

బూట్లావిడ మమ్మల్ని అచ్చుల దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. తమ్ముడి పాదాలు ఊదా చుక్కలతో మశూచి లేచినట్టున్నాయి. పక్కనే నావి. తెల్లగా, కడిగిన ముత్యాల్లా. "మా పెళ్లికూతురి కాళ్లు" అంది నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపి, ఎడమ బూటు మీద చేయి వేసి మళ్లీ అడిగింది. "ఎక్కడైనా నొక్కుతోందా? ఇప్పుడైతే కాస్త విప్పి సర్దగలను."

సరిగ్గా అక్కడ నొక్కుతోంది.

"లేదు ఆంటీ. బ్రహ్మాండంగా ఉన్నాయి."

నవంబరు 5, బుధవారం

నొప్పి లేదు.

నవంబరు 7, శుక్రవారం

నొప్పి లేదు.

నవంబరు 10, సోమవారం

కొత్త బూట్లు కదా, అలవాటు పడాలి. ఎవరికైనా మొదట్లో ఉంటుంది. ఇది అలవాటు పడే నొప్పి, ఆ నొప్పి కాదు.

నవంబరు 13, గురువారం

నొప్పి లేదు.

నవంబరు 17, సోమవారం

ఈల సారు మా పేర్లు పంపించాడు. అమ్మ గౌను పూర్తి చేసింది. వేసుకుని అద్దంలో చూసుకున్నాను. తమ్ముడు గుమ్మంలో నిలబడి, "గెలిచేశాం అక్కా. ఇంక వెళ్లి కప్పు తెచ్చుకోవడమే అక్కా" అన్నాడు. వాడంత సంతోషంగా ఉండటం ఈ మధ్య చూడలేదు. ఇంతవరకు వచ్చాం. ఇంకాస్త. ఆ ఒక్క రోజు అయ్యాక ఎక్కడ చూపించమంటే అక్కడ చూపిస్తాను. ఒట్టు.

నవంబరు 20, గురువారం

తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడు.

నవంబరు 22, శనివారం

నిన్న రాయలేకపోయాను. నా కాలికీ ప్లాస్టర్ వేశారు, మంచం మీద కూర్చుని రాస్తున్నాను.

అదే లిఫ్ట్. పాట నడుస్తోంది. నాన్న మంచు బండి మీద గేటు దగ్గర తన వంతు కోసం చూస్తున్నాడు. ఆ రోజు తన్నాలని నిజంగా అనుకున్నాను. వాడు రోజూ ఒక్కడే మోస్తున్నాడు, ఇవాళైనా నా వంతు నేను తన్నాలి అనుకున్నాను. తన్నాను. పాదం లోపల ఏదో రెండుగా విడిపోయింది. నాకు వినిపించింది కూడా.

వాడు అప్పటికే చేతులు పైకి చాచేశాడు. నేను పక్కకు వాలిపోయాను. నన్ను వదిలేసి ఉంటే వాడికేమీ అయ్యేది కాదు. వదలడానికి వాడికి వీలుంది, వదలమనే మాకు నేర్పారు కూడా. వాడు వదల్లేదు. నా తల మంచుకు తగలకుండా నా కిందికి తిరిగాడు. తిరుగుతుంటే బ్లేడు మంచులో దిగబడింది. ఒళ్లంతా తిరిగింది, మోకాలు తిరగలేదు. నేను వాడి మీద పడ్డాను.

నాన్న బండి దిగి పరుగెత్తుకొచ్చాడు, మంచు మీద రెండుసార్లు జారిపడుతూ. రోజూ తనే చదును చేసే మంచు.

మోకాలి లోపల పట్టి ఉంచేవన్నీ తెగిపోయాయట. ఆపరేషన్ చేశారు. "నడుస్తాడు. మంచు మీదికి మాత్రం ఇంక ఆశ పెట్టుకోకండి" అన్నాడు పెద్ద డాక్టరు. ఆ మాట ముందు నాన్నకు చెప్పాడు. తమ్ముడికి ఎవరు చెప్పారో నాకు తెలీదు. నేను వెళ్లేసరికి వాడికి తెలుసు.

నవంబరు 24, సోమవారం

చక్రాల కుర్చీలో వాడి గదికి తీసుకెళ్లారు. నన్ను చూడగానే వాడు చేసిన మొదటి పని క్షమాపణ చెప్పడం.

"నిన్ను పడేశానక్కా. చేతులు చాల్లేదక్కా. నువ్వు మొదట్లోనే చెప్పావు, నేనే సరిగా పట్టించుకోలేదు. ఎంపిక పోయింది నావల్లే అక్కా."

"ఊరుకోరా" అన్నాను.

"నీ కాలు కూడా విరగ్గొట్టాను."

"ఊరుకోమన్నానా."

చెప్పి ఉండాల్సింది. కానీ పక్కన నర్సు ఉంది. వాడికి జ్వరం కూడా ఉంది. అలాంటప్పుడు ఎవరైనా చెబుతారా?

నవంబరు 25, మంగళవారం

నా ఎక్స్‌రేను కుర్ర డాక్టరు వెలుతురుకు ఎత్తి చూపించాడు. "ఇది మొన్న విరిగింది కాదండీ. పగులు ముందే ఉంది. అంచులు చూడండి, ఎలా మొద్దుబారాయో. మొన్న పూర్తిగా విడిపోయింది, అంతే. నెలల తరబడి నొప్పి ఉండి ఉండాలే?"

అమ్మ పక్కన సంచీలో కళ్లజోడు వెతుక్కుంటోంది. వినలేదు.

నవంబరు 28, శుక్రవారం

నన్ను ఇంటికి పంపించారు. నాన్న నిద్ర లేదు, తిండి లేదు, కాలు కాలిన పిల్లిలా గదుల్లో తిరుగుతున్నాడు. ఆయనకు తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి. నా ముందు కూర్చుని, "కొత్త బూట్లే కదా కొంప ముంచాయి? లోపల కాలు జారిందా?" అని అడిగాడు.

అవునని అనలేదు. తల ఊపాను. తల ఊపడం అవుననడం కాదు. ఏడుస్తున్నప్పుడు తల అదే ఊగుతుంది.

డిసెంబరు 1, సోమవారం

తమ్ముడు ఇంటికి వచ్చాడు. హాల్లో సోఫా పక్కన మంచం వేశాం. కాలు నిండా కట్టు.

రింకులో అందరూ బూట్లావిడ గురించే మాట్లాడుకుంటున్నారట. చేతికుట్టు బూట్లు నమ్మకూడదని కొట్టువాడు వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడట. ఇద్దరు ముగ్గురు ఆవిడకు కొలతలిచ్చినవాళ్లు వద్దని చెప్పేశారట. నాన్న ఈ సంగతి చెప్పి, "బాగా అయింది" అన్నాడు.

రేపు చెబుతాను.

డిసెంబరు 2, మంగళవారం

తమ్ముడికి బాగాలేదు. రేపు.

డిసెంబరు 5, శుక్రవారం

మధ్యాహ్నం అందరం ఇంట్లోనే ఉన్నాం. బూట్లావిడ వచ్చింది. చెప్పులు విప్పలేదు, కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో బరువైన గుడ్డసంచీ. భోజనాల బల్ల మీద పళ్లేలు పక్కకు జరిపి, సంచీలోంచి నాలుగు తెల్లటి పాదాలు తీసి నిలబెట్టింది.

నాన్న ఒంటికాలి మీద లేచాడు. "ఏం చూపించడానికి వచ్చారు? మీ బూట్లేసుకున్న పిల్ల కాలు విరిగింది. నా కొడుకు కాలు పోయింది. ఇంకా ఈ బొమ్మలెందుకు?"

"పిల్లాడి సంగతి విన్నాను. కడుపు తరుక్కుపోయింది, రెండుసార్లు బయలుదేరి మొహం చెల్లక వెనక్కి వెళ్లాను" అందావిడ. "కానీ నా బూటు జారిందని ఊరంతా చెబుతున్నారు మీరు. నా బూటు జారదు. కాలు విరిగితే ఎక్కడ విరిగింది? ఇదిగో మీ అబ్బాయి అచ్చు. నొప్పని చెప్పిన ప్రతిచోటా చుక్క పెట్టాను, చోటు వదిలాను. ఇది మీ అమ్మాయిది. చూడండి, ఒక్క చుక్క చూపించండి. నొప్పి లేదంది. అడిగాను. మళ్లీ అడిగాను. బూట్లు ఇచ్చిన రోజు కూడా అడిగాను. లేదంది. ఏమీ లేని కాలు ఎలా విరిగింది?"

"ఎలా విరిగిందంటే, మీ..."

"డాక్టరు పాత పగులన్నాడు కదండీ" అంది అమ్మ.

మెల్లగా అంది, బల్ల మీది పాదాలను చూస్తూ. ఇన్నాళ్లూ ఆ మాట లోపల పెట్టుకుని తిరుగుతోందని నాకు అప్పుడు అర్థమైంది.

"అది ఇలా ఇస్తారా ఆంటీ?" అన్నాడు తమ్ముడు మంచం మీద నుంచి.

ఆవిడ నా ఎడమ పాదం అచ్చు వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. పైన, కింద, మడమ దగ్గర. తర్వాత బొటనవేలు తెచ్చి సరిగ్గా ఆ చోట పెట్టాడు. లేసులు మొదలయ్యే చోట. వాడికి ఎలా తెలుసో నాకు తెలీదు. రోజూ నన్ను ఎత్తేవాడు, నా ఒళ్లు వాడికి తెలియకుండా ఉంటుందా?

"ఆ రోజు మెట్ల మీద ఆగిపోయావు. లేసు ఊడిందన్నావు" అన్నాడు. "చెప్పులు వేసుకుని ఉన్నావు. పైకెళ్లాక గుర్తొచ్చింది నాకు. ఏదో పరధ్యానంలో ఉన్నావులే అనుకున్నాను."

నాన్న నావైపు చూస్తున్నాడు. అమ్మ చూడట్లేదు.

వాడు అచ్చును ఒళ్లో పెట్టుకుని తన రెండు చేతులూ ముందుకు చాచి చూసుకున్నాడు. బరువులెత్తి కాయలు కాసిన చేతులు.

"నా చేతులు బాగానే ఉన్నాయా అక్కా?"

ఇప్పుడు కూడా ఆ ప్రశ్న చెవుల్లోనే ఉంది. అవునన్న ఒక్క మాట నా దగ్గర ఉంది. అప్పుడు కూడా చెప్పలేకపోయాను. వాడు కాసేపు చూసి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నాన్న బూట్లావిడకు కుర్చీ జరిపాడు, ఆవిడ కూర్చోలేదు. అచ్చులు సంచీలో పెట్టుకుని వెళ్లిపోయింది.

నేను చెప్పేదాన్నే. సోమవారం చెబుదామనుకున్నాను.

డిసెంబరు 6, శనివారం

నాన్న బూట్లావిడ దగ్గరికి వెళ్లొచ్చాడు. రింకులో కూడా అందరికీ చెప్పాడట, తప్పు బూట్లది కాదని. ఎవరిదో చెప్పాడో లేదో నేను అడగలేదు.

అమ్మ గౌను పూసలు ఒక్కొక్కటే విప్పి డబ్బాలో వేస్తోంది.

డిసెంబరు 9, మంగళవారం

వాడికి కాఫీ తీసుకెళ్లాను. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో గ్లాసు. సగం ఒలికింది. వాడు తీసుకుని తాగాడు. "నీకు కోపం వస్తే తిట్టరా, కొట్టరా" అన్నాను. "కోపం లేదు" అన్నాడు. నిజమే చెప్పాడు. వాడికి అబద్ధం రాదు.

డిసెంబరు 13, శనివారం

ఇవాళ ఎంపిక. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

డిసెంబరు 18, గురువారం

వాడు అమ్మను అమ్మా అని పిలుస్తున్నాడు. నాన్నను నాన్నా అని పిలుస్తున్నాడు. పేపరబ్బాయిని కూడా తమ్ముడూ అన్నాడు ఇవాళ. నాతోనూ మాట్లాడుతున్నాడు, మాట్లాడకుండా ఏమీ లేడు. ఫ్యాను తగ్గించు. ఆ దిండు ఇటివ్వు. అమ్మ ఎక్కడ?

డిసెంబరు 23, మంగళవారం

తమ్ముడు ఇవాళ మొదటిసారి లేచి నడిచాడు. చంకల కింద కర్రలు, వెనక నాన్న. అమ్మ ఒకపక్క ఏడుస్తూ ఇంకోపక్క నవ్వుతూ గోడ వెంట నడిచింది.

సాయంత్రం నేను గదిలోంచి వస్తుంటే వాడు హాల్లోంచి వస్తున్నాడు. మా నడవ ఇరుకు. నా కర్ర, వాడి కర్రలు, ఇద్దరికీ చాలదు. ఎదురెదురుగా ఆగిపోయాం. చిన్నప్పుడైతే నన్ను ఎత్తి అవతల పడేసి పోయేవాడు. ఇవాళ గోడకు ఆనుకుని, కాలు సర్దుకుని, నాకు దారి ఇచ్చాడు.

"ముందు నువ్వు వెళ్లు" అన్నాడు.

నేను వెళ్లలేదు. మాట ఇంకా పూర్తి కాలేదేమోనని అక్కడే నిలబడ్డాను. వాడు గోడకు ఆనుకునే ఉన్నాడు, నేను వెళ్తానేమోనని చూస్తున్నాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాం.